అధిక లోడుకు అడ్డుకట్ట పడవలసింది సరుకు ఎత్తే చోటనే

గుంటూరు: దసరా వెళ్లి పత్తి తీతలు మొదలైనప్పటి నుంచి వేసవిలో మిరప కళ్లాలు ఖాళీ అయ్యేవరకు ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల రహదారులు సరుకు వాహనాలతో నిండి ఉంటాయి. పత్తి బోరాలతో జిన్నింగు మిల్లులకు వెళ్లే ట్రాక్టర్లు, మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డుకు వచ్చే లారీలు, యార్డు నుంచి శీతల గిడ్డంగులకు, ఇతర రాష్ట్రాలకు బయలుదేరే లారీలు ఒకవైపు సాగుతుంటాయి. పిడుగురాళ్ల సున్నం, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల సిమెంటు, చీమకుర్తి గ్రానైటు, కంకర, ఇసుక మరోవైపు కదులుతుంటాయి. వీటన్నింటికీ తోడు కోల్‌కతా, చెన్నై నగరాల మధ్య నడిచే వాహనాలు 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఈ ప్రాంతం గుండానే పోతాయి. ఈ వాహనాలలో ఎన్నో తాము మోయదగిన దానికంటే ఎక్కువ బరువుతో ప్రయాణిస్తున్న విషయం రహదారిపై నడిచే ప్రతి ఒక్కరికీ తెలిసినదే.

అధిక లోడు గురించి మాట్లాడినప్పుడల్లా రహదారిపై తనిఖీలు, డ్రైవర్లపై జరిమానాలు చర్చకు వస్తాయి. ఇవి అవసరమే. అయితే అధిక లోడు రహదారిపై పుట్టదు. యార్డులో, మిల్లులో, క్వారీలో, కర్మాగారంలో సరుకు ఎత్తే సమయంలోనే పుడుతుంది. అక్కడ ప్రతి సరుకునూ తూచే ఏర్పాటు, లేదా కొలిచే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఆ తూకం ధర కట్టడానికి ఉపయోగపడుతోంది గాని ప్రాణాలు కాపాడడానికి ఉపయోగపడడం లేదు. సమస్యకు మూలం, పరిష్కారానికి దారి రెండూ ఇక్కడే ఉన్నాయి.

ఇటీవలి ప్రమాదాలు చెబుతున్నది

2025 నవంబరు 3వ తేదీ ఉదయం తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర లోడుతో వస్తున్న టిప్పర్, తాండూరు నుంచి హైదరాబాదు వెళుతున్న ఆర్టీసీ బస్సును ఢీకొన్నది. 19 మంది ప్రాణాలు కోల్పోయారు. తాకిడితో పాటు, టిప్పర్‌లోని కంకర బస్సులోకి కుమ్మరించినట్లు పడడం వలన పలువురు ప్రయాణికులు దాని కింద కూరుకుపోయారు. వాహనం ఎంత వేగంతో వచ్చిందన్న ప్రశ్నతో సమానంగా, ఎంత బరువుతో వచ్చింది, ఆ బరువును ఎలా కట్టి ఉంచారు అన్న ప్రశ్నలు కూడా ముఖ్యమైనవని ఆ దుర్ఘటన గుర్తుచేసింది.

2024 సెప్టెంబరులో తూర్పుగోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిగింజల బస్తాలతో వెళుతున్న మినీ లారీ బోల్తాపడి ఏడుగురు కూలీలు మరణించారు. 2025 జూలై 13వ తేదీ రాత్రి పుల్లంపేట మండలంలో మామిడికాయల లారీ బోల్తాపడి తొమ్మిది మంది కూలీలు మరణించారు. రెండు సంఘటనలలోనూ మృతులు సరుకుతో పాటు ప్రయాణిస్తున్న శ్రామికులే. సరుకును ఎత్తిన చేతులే ఆ సరుకు కింద నలిగిపోయాయి.

ఈ ప్రాంతానికి మరింత దగ్గరి ఉదాహరణ 2020 మే 14వ తేదీన ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో జరిగినది. మిరప కోతకు వెళ్లి తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొనడంతో తొమ్మిది మంది మరణించారు. 2022 మే నెలాఖరున పల్నాడు జిల్లా రెంటచింతలలో, శ్రీశైలం దర్శనం చేసుకుని ఇంటికి చేరువైన యాత్రికుల సరుకు వాహనం ఆగి ఉన్న లారీని ఢీకొన్నప్పుడు ఆ చిన్న వాహనంలో ముప్ఫై మందికి పైగా ఉన్నారు. ట్రాలీ అయినా, మినీ లారీ అయినా సరుకు కోసం తయారైనది. మనుషులు ఎక్కినప్పుడు పట్టుకోవడానికి ఆధారం ఉండదు. చిన్న కుదుపుకు కూడా అందరూ ఒకేసారి కింద పడతారు.

భారం రెండు రకాలు

గ్రానైటు, సిమెంటు, కంకర, ఇసుక వంటి సరుకులది బరువు భారం. ఇవి తక్కువ స్థలంలో ఎక్కువ బరువు తూగుతాయి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి ఒక ఘనపు మీటరుకు సుమారు 3 టన్నులు ఉంటుంది. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు ఎత్తు గల ఒక్క దిమ్మె బరువు 27 టన్నుల వరకు చేరుతుంది. లారీ తొట్టి చాలావరకు ఖాళీగానే కనిపిస్తుంది. బయటినుంచి చూసేవారికి లోడు తక్కువగా ఉన్నట్లే తోస్తుంది. పైగా దిమ్మె ఒక్కటే కావడం వలన దారిలో పట్టుబడినప్పుడు కొంత భాగం దింపి, మిగిలినది పంపడం సాధ్యం కాదు. దానికి తగిన వాహనాన్ని క్వారీలోనే ఎంచుకోవలసి ఉంటుంది.

పత్తిది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్వభావం. విడి పత్తి తేలిక. తొట్టి నిండినా బరువు పరిమితి దాటదు. కనుక ట్రాలీకి ఇరువైపులా కర్రలు కట్టి, పైకి, పక్కలకు, వెనుకకు పెంచుకుంటూ పోతారు. కాటాపై ఇది నిబంధనలకు లోబడే ఉన్నట్లు కనిపిస్తుంది. రహదారిపై మాత్రం సగం దారిని ఆక్రమిస్తుంది. వెనుక దీపాలు కనిపించవు. వెనుక నుంచి వచ్చే వారికి ఎదుటి వాహనం కనబడదు. విద్యుత్ తీగలకు తగిలితే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అందుచేత పత్తి విషయంలో కాటా చాలదు, కొలబద్ద కావాలి.

మిర్చిలో ఈ రెండు భారాలూ కలిసి ఉంటాయి. ఒక్కో టిక్కీ సుమారు 40 నుంచి 45 కిలోలు తూగుతుంది. టిక్కీలను వరుసలపై వరుసలుగా పేర్చినప్పుడు లారీ బరువు పెరగడమే గాక, గురుత్వ కేంద్రం కూడా పైకి జరుగుతుంది. అటువంటి లారీ నేరుగా పోతున్నప్పుడు నిలకడగానే ఉంటుంది. మలుపులో, లేదా ఒకవైపు చక్రాలు దారి అంచు దిగినప్పుడు పక్కకు ఒరుగుతుంది. తాడు సడలితే వరుస మొత్తం కదిలి వాహనాన్ని తనతో లాగుతుంది.

బరువు ప్రాణాంతకమయ్యే తీరు

ఒక లెక్క చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2018 జూలైలో ఇరుసు బరువు పరిమితులను సవరించి, సాధారణంగా పది టైర్ల లారీ అని పిలిచే మూడు ఇరుసుల లారీ మొత్తం బరువును 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. ఖాళీ లారీ బరువు 9.5 టన్నులు అనుకుంటే 19 టన్నుల సరుకు ఎక్కించవచ్చు. 45 కిలోల టిక్కీలైతే సుమారు 420 పడతాయి. అదే లారీపై 600 టిక్కీలు ఎత్తితే సరుకు బరువు 27 టన్నులు, మొత్తం బరువు 36.5 టన్నులు అవుతుంది. అంటే 8 టన్నులు అధికం.

బ్రేకులు ఇవ్వగల బలం అంతే ఉన్నప్పుడు ఆగడానికి పట్టే దూరం బరువుతో పాటు పెరుగుతుంది. పరిమితిలో ఉన్నప్పుడు బ్రేకు పడ్డాక 50 మీటర్లలో ఆగే లారీ, ఈ అదనపు బరువుతో 64 మీటర్ల వరకు పోతుంది. ఆ అదనపు 14 మీటర్లు ఒక బస్సు పొడవు కంటే ఎక్కువ. ముందున్న ఆటో, రోడ్డు దాటుతున్న పశువు, బడి వదిలాక ఇంటికి పోతున్న పిల్లలు ఆ 14 మీటర్లలోనే ఉంటారు. బ్రేకులు పదేపదే వేయవలసి వచ్చే దారిలో అవి వేడెక్కి పట్టు తగ్గడం వలన ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

టైర్ల సంగతి కూడా ఇటువంటిదే. అధిక బరువుకు టైరు ఎక్కువగా నొక్కుకుపోయి లోపల వేడి పుడుతుంది. మిర్చి రవాణా ముమ్మరంగా సాగేది మార్చి, ఏప్రిల్, మే నెలల్లో. ఈ మైదానంలో ఎండలు మండేదీ అప్పుడే. కాలిన రోడ్డుపై, అరిగిన టైరుపై, అదనపు భారంతో పోయే లారీకి టైరు పేలడం ఆకస్మిక సంఘటన అనలేము. ఇరుసు విరిగి, టైరు పేలి నడిరోడ్డుపై ఆగిన లారీని రాత్రివేళ వెనుక నుంచి మరో వాహనం ఢీకొన్నప్పుడు ఆ మరణాలకు కూడా మూలం అధిక లోడే.

లారీ వెళ్లిపోయాక మిగిలే ప్రమాదం

అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 వరకు జరిగిన రహదారి పరీక్షలు ఒక ముఖ్యమైన విషయాన్ని తేల్చాయి. ఇరుసుపై బరువు పెరిగినప్పుడు రోడ్డుకు జరిగే నష్టం అదే నిష్పత్తిలో గాక, సుమారుగా నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. బరువు 20 శాతం పెరిగితే నష్టం రెట్టింపు అవుతుంది. బరువే రెట్టింపైతే నష్టం 16 రెట్లు అవుతుంది. పైన చెప్పిన 600 టిక్కీల లారీ, పరిమితిలో నడిచే లారీ కంటే రెండున్నర రెట్లకు పైగా రోడ్డును దెబ్బతీస్తుంది.

ఈ జిల్లాలలో చాలా భాగం నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు బీటలువారే ఈ నేలపై రోడ్డు వేయడమే కష్టం, నిలబెట్టడం మరింత కష్టం. అంచులు త్వరగా కుంగుతాయి. గ్రామీణ రహదారులను ఇటువంటి భారాల కోసం నిర్మించలేదు. ఒక సీజనులో వందల లారీలు నడిచిన దారిపై చక్రాల జాడలు గాడులుగా మారి, తొలకరికి నీరు నిలిచి గుంతలవుతాయి. ఆ గుంత తప్పించబోయి ద్విచక్ర వాహనదారుడు పడిపోయేనాటికి లారీ అక్కడ ఉండదు. కేసు నమోదైతే బండి నడిపిన వ్యక్తి అజాగ్రత్తగా రాసుకుంటారు. అధిక లోడు వలన పోయిన ప్రాణాల లెక్కలో ఆ మరణం చేరదు.

లెక్కల్లో కనిపించని కారణం

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ ప్రకటించిన వివరాల ప్రకారం 2022 సంవత్సరంలో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. ఆ మరణాలలో 71.2 శాతానికి అతివేగాన్ని కారణంగా చూపారు. అతివేగం పెద్ద కారణమనడంలో సందేహం లేదు. అయితే ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం రాసే పద్ధతిలో, వేగం వెనుక దాగిన బరువు మరుగున పడుతుంది. అదే వేగంతో, సరైన బరువుతో వచ్చిన లారీ ఆగగలిగి ఉండేదా అన్న ప్రశ్న నమోదు పత్రంలో ఉండదు.

ప్రమాదం జరిగిన తరువాత మొదట చేయవలసినది క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చడం, రాకపోకలను పునరుద్ధరించడం. ఆ హడావుడిలో సరుకును మరో లారీకి మారుస్తారు. అంతటితో బరువుకు సాక్ష్యం చెదిరిపోతుంది. ఆ లారీ ఎక్కడ లోడయింది, అక్కడి కాటా చీటీ ఏమంటోంది అని అదే రోజు సేకరించినప్పుడే అసలు కారణం బయటపడుతుంది. ప్రమాదాల వివరాలను పోలీసు, రవాణా, రహదారుల శాఖలు ఒకేచోట నమోదు చేయడానికి 2021 నుంచి సమీకృత రోడ్డు ప్రమాదాల సమాచార వ్యవస్థ అందుబాటులోకి వచ్చింది. సరుకు వాహనం పాల్గొన్న ప్రతి ప్రాణాంతక ప్రమాదంలోనూ కాటా చీటీని ఈ నమోదులో చేర్చితే, కొద్ది సంవత్సరాలలోనే నిజమైన చిత్రం తేలుతుంది.

చట్టం డ్రైవరు దగ్గరే ఆగలేదు

1988 మోటారు వాహనాల చట్టం 113వ సెక్షను వాహనాల బరువు పరిమితులను నిర్దేశిస్తుంది. డ్రైవరు వాహన యజమాని కానప్పుడు, అధిక లోడు యజమానికి తెలిసే, లేదా అతని ఆదేశంపైనే జరిగిందని న్యాయస్థానం భావించడానికి ఈ సెక్షను వీలు కల్పిస్తోంది. 194వ సెక్షను పరిధి ఇంకా విశాలమైనది. అధిక లోడుతో వాహనం నడిపినవారితో పాటు, నడిపించినవారు, నడపడానికి అనుమతించినవారు కూడా శిక్షార్హులని అది స్పష్టం చేస్తోంది. రోడ్డు ద్వారా సరుకు రవాణాపై 2007లో వచ్చిన చట్టం కూడా రవాణా సంస్థలు రిజిస్ట్రేషన్ పత్రంలోని మొత్తం బరువుకు మించి వాహనాన్ని లోడు చేయరాదని చెబుతోంది. ఆచరణలో మాత్రం రహదారిపై దొరికేది డ్రైవరు ఒక్కడే గనుక అతనితోనే వ్యవహారం ముగుస్తోంది.

2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో జరిమానాలు బాగా పెరిగాయి. అంతకుముందు 2,000 రూపాయలు, అదనపు టన్నుకు 1,000 రూపాయల చొప్పున ఉన్న కనీస జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు 2,000 రూపాయలుగా మారింది. సరుకు పక్కలకు, ముందు వెనుకలకు, ఎత్తుకు పరిమితి దాటి పొడుచుకు వచ్చినా 20,000 రూపాయల జరిమానా ఉంది. పత్తి ట్రాలీలకు వర్తించేది ఇదే. అదనపు సరుకును దింపేవరకు వాహనాన్ని కదలనీయరాదని కూడా చట్టం నిర్దేశించింది.

ఈ చివరి అంశానికి ఒక చరిత్ర ఉంది. గతంలో కొన్ని రాష్ట్రాలలో రుసుము చెల్లించి, చీటీ తీసుకుని, అదే అధిక లోడుతో ప్రయాణం కొనసాగించే అలవాటు ఉండేది. పరంజిత్ భాసిన్ కేసులో 2005 నవంబరు 9న తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు, జరిమానా చెల్లించడం అధిక లోడుతో ప్రయాణించడానికి అనుమతి కాదని, అదనపు సరుకును దింపవలసిందేనని స్పష్టం చేసింది. రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు నియమించిన కమిటీ 2015 ఆగస్టులో మరో అడుగు ముందుకు వేసి, సరుకు వాహనాలలో అధిక లోడు వేసినా, మనుషులను ఎక్కించినా డ్రైవరు లైసెన్సును కనీసం మూడు నెలలు నిలిపివేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

చట్టంలో ఆలోచించవలసిన చిక్కు కూడా ఒకటి ఉంది. వాహనాన్ని ఆపి తూకానికి ఒప్పుకోని డ్రైవరుకు జరిమానా 40,000 రూపాయలు. అధిక బరువు 10 టన్నులు ఉన్నప్పుడు జరిమానా కూడా 40,000 రూపాయలే. బరువు 15 టన్నులు మించితే తూకానికి ఒప్పుకున్నవారు 50,000 రూపాయలు చెల్లించాలి, నిరాకరించినవారు 40,000 రూపాయలతో బయటపడవచ్చు. ఎక్కువ తప్పు చేసినవారికి తూకం తప్పించుకోవడమే లాభంగా కనిపించే ఈ పరిస్థితికి విరుగుడు 114వ సెక్షనులో ఉంది. ముందుకు పోయే దారిలో 10 కిలోమీటర్ల లోపు, లేదా గమ్యస్థానానికి 20 కిలోమీటర్ల లోపు ఉన్న కాటాకు వాహనాన్ని తరలించమనే అధికారం ఆ సెక్షను అధికారులకు ఇస్తోంది. మిల్లుకో కాటా, క్వారీకో కాటా ఉన్న ఈ ప్రాంతంలో కాటా దొరకలేదనే మాటకు తావు లేదు.

కిరాయి చేసే ఒత్తిడి

అధిక లోడుకు కారణం డ్రైవరు దురాశ అనుకోవడం సులభం. వాస్తవం వేరు. కిరాయి టన్నుల లెక్కన కుదురుతుంది. ఒకటి రెండు లారీలు మాత్రమే ఉన్న యజమాని వాయిదాలు, డీజిలు, బీమా, టైర్లు, దారి ఖర్చులు లెక్కవేసుకుని, న్యాయమైన బరువుతో గిట్టుబాటు కాదని భావిస్తాడు. తాను కాదంటే మరొకరు ఎక్కువ ఎత్తి, తక్కువకు పోతారు. సరుకు యజమానికి ఒక లారీ కిరాయి మిగులుతుంది. మధ్యవర్తికి కమీషను వస్తుంది. హమాలీకి బస్తా లెక్కన కూలి వస్తుంది. ఈ గొలుసులో ప్రతి ఒక్కరికీ కొంత లాభం ఉంది. ప్రాణభయం మాత్రం స్టీరింగు పట్టినవాడికే.

ఇందులో రైతు పరిస్థితి ప్రత్యేకమైనది. అతను పత్తిని సొంత ట్రాక్టరుపై, లేదా ఊరి ట్రాక్టరుపై మిల్లుకు తోలుతాడు. రెండు ట్రిప్పుల సరుకు ఒకే ట్రిప్పులో పోతే డీజిలు కలిసివస్తుంది, కొనుగోలు కేంద్రం వద్ద మరో రోజు నిరీక్షణ తప్పుతుంది. కనుక నిరీక్షణ తగ్గించకుండా ట్రాలీ ఎత్తు తగ్గించమని చెప్పడం సగం మాటే అవుతుంది. ఏ రోజు ఏ గ్రామం సరుకు తేవాలో ముందుగా చెప్పి, ఆ రోజే తూకం పూర్తి చేసే కొనుగోలు కేంద్రం రోడ్డు భద్రతకు కూడా సేవ చేసినట్లే.

మిరప కోతకు కర్నూలు ప్రాంతం నుంచి పిల్లాపాపలతో, తిండిగింజలతో సరుకు వాహనాలలో తరలివచ్చే వలస కూలీలది మరో సమస్య. వారిని తెచ్చే మేస్త్రీ, పనికి పిలిచే రైతు కలిసి బస్సునో, అనుమతి గల వాహనాన్నో మాట్లాడుకుంటే అయ్యే అదనపు ఖర్చు, పంట పెట్టుబడిలో స్వల్పం.

తూకం ఉంది, ఉపయోగం లేదు

గుంటూరు మిర్చి యార్డులో అమ్ముడైన ప్రతి టిక్కీ కాటా ఎక్కుతుంది. సిమెంటు కర్మాగారంలోకి వచ్చే ఖాళీ లారీని, బయటకు పోయే నిండు లారీని విడివిడిగా తూస్తారు. పత్తి కొనుగోలు కేంద్రం ఉన్న జిన్నింగు మిల్లులో నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం, వాటి తేడా మూడూ చీటీపై అచ్చవుతాయి. గ్రానైటు దిమ్మెకు కూడా కొలత ఉంటుంది. ఘనపరిమాణం తెలిసినప్పుడు బరువు లెక్కకట్టడం ఒక్క నిమిషం పని. అంటే అధిక లోడు ఎంతో కాటా దగ్గర ఉన్న గుమాస్తాకు, సరుకు యజమానికి, లారీ డ్రైవరుకు రోడ్డెక్కకముందే అంకెలతో సహా తెలుసు. తెలియనిది రోడ్డుపై ఎదురుగా వస్తున్నవారికి మాత్రమే.

రహదారిపై లారీ ఆగే సందర్భాలు కూడా తగ్గిపోయాయి. 2017 జూలైలో జీఎస్టీ రావడంతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేశారు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో టోల్ ప్లాజాల వద్ద ఆగవలసిన అవసరం తగ్గింది. ఇవి రవాణాకు మేలు చేసిన మార్పులే. కాజ, బొల్లాపల్లి, టంగుటూరు వంటి జాతీయ రహదారి ప్లాజాలను తప్పించుకుని లోపలి రోడ్ల మీదుగా పోయే లారీకి ఆటంకం ఉండదు. పైగా ఆ లోపలి రోడ్లే బలహీనమైనవి, ఊళ్ల మధ్య నుంచి పోయేవి. తనిఖీ అధికారుల సంఖ్య ఎంత పెంచినా ప్రతి దారిలోనూ నిలబడడం సాధ్యం కాదు. సరుకు బయలుదేరే ద్వారాలు మాత్రం లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి.

చేయదగిన పనులు

మొదటిది, కాటా చీటీలో ఒక్క గడి చేర్చడం. నిండు బరువు, ఖాళీ బరువు, సరుకు బరువు ఇప్పటికే అచ్చవుతున్నాయి. వాటి పక్కన రిజిస్ట్రేషన్ పత్రం ప్రకారం ఆ వాహనానికి అనుమతి ఉన్న మొత్తం బరువు కూడా అచ్చయితే, అధిక లోడు ఎవరికి తెలిసి జరిగిందో చీటీయే చెబుతుంది. వాహనం నంబరుతో ఈ వివరం రవాణా శాఖ కంప్యూటర్లలో లభిస్తుంది. 194వ సెక్షనులోని నడిపించినవారు, అనుమతించినవారు అన్న మాటలకు సాక్ష్యం దొరికేది ఆ కాగితంలోనే.

రెండవది, మిర్చి యార్డు, పత్తి మిల్లులు, సిమెంటు కర్మాగారాలు, క్వారీల వద్ద గేటు దాటే ముందే అధిక లోడును ఆపే పద్ధతి. సరుకు అక్కడే ఉంది, హమాలీలు అక్కడే ఉన్నారు, మరో లారీ కూడా అక్కడే దొరుకుతుంది. నడిరోడ్డుపై, రాత్రివేళ, దింపే మనుషులు, నిల్వచేసే చోటు లేని స్థితిలో చేయవలసిన పనికంటే ఇది ఎన్నో రెట్లు తేలిక.

మూడవది, సరుకును బట్టి తనిఖీ. గ్రానైటుకు, కంకరకు తూకం ముఖ్యం. పత్తికి ఎత్తు, వెడల్పు కొలత, వెనుక ఎర్ర దీపాలు, మెరిసే పట్టీలు ముఖ్యం. మిర్చికి తూకంతో పాటు వరుసల ఎత్తు, తాడు బిగింపు ముఖ్యం. కంకర టిప్పర్లకు పైన పట్టా తప్పనిసరి.

నాలుగవది, అందరికీ ఒకేసారి వర్తింపు. ఒక్క యార్డులో, ఒక్క మిల్లులో అమలు చేస్తే సరుకు పక్కదారి పడుతుంది, నిజాయితీగా నడిచినవాడు కిరాయి కోల్పోతాడు. రవాణా, పోలీసు, మార్కెటింగు, గనుల శాఖలు కలిసి సీజను ఆరంభానికి ముందే తేదీ ప్రకటించి అమలు చేస్తే లారీ యజమానులకే ఎక్కువ మేలు. ఎవరూ ఎక్కువ ఎత్తలేనప్పుడు న్యాయమైన బరువుకు న్యాయమైన కిరాయి అదే స్థిరపడుతుంది. ఆ కిరాయి భారం మొత్తం రైతుపై పడకుండా చూడవలసిన బాధ్యత కొనుగోలుదారులపై, కమీషను వ్యాపారులపై కూడా ఉంది.

పాత్రికేయ మిత్రులకు ఒక విన్నపం. ప్రమాద వార్తలో మృతుల సంఖ్య, వాహనాల వివరాలు, డ్రైవరు అజాగ్రత్త తప్పక వస్తాయి. వాటితో పాటు ఆ వాహనం ఎక్కడ లోడయింది, ఎంత బరువుతో బయలుదేరింది, అనుమతి ఎంత అన్న మూడు ప్రశ్నలు కూడా అడిగితే, మరునాటి వార్తలో డ్రైవరు పేరుతో పాటు కాటా చీటీ కూడా చర్చకు వస్తుంది. అడిగేవారు ఉన్నారని తెలిసినప్పుడు చీటీ రాసేవారు జాగ్రత్తపడతారు.

మిర్చి ధరలో క్వింటాలుకు పది రూపాయల తేడా వచ్చినా కాటా మళ్లీ వేయించమని పట్టుబట్టే ప్రాంతం ఇది. తూకం విలువ ఇక్కడివారికి ఎవరూ నేర్పనవసరం లేదు. ఆ పట్టుదలలో కొంత భాగం లారీ బరువుపై కూడా చూపగలిగితే, పంట ఇంటికి రావలసిన రోజులలో మృతదేహాలు ఇంటికి వచ్చే దుస్థితి చాలావరకు తప్పుతుంది.